ఎదుటివాళ్ల ఊళ్లో కప్పు గెలిచినప్పుడు సంబరం ఎంతవరకు చేసుకోవచ్చు?

ప్రశ్న
రాసినవారు: అలల ఒడ్డు (గోపాలపురం, గంజాం జిల్లా)

అందరికీ నమస్కారం. నేను గోపాలపురం తీరంలోని తెలుగు జాలారి వాడలో పుట్టి పెరిగినవాణ్ణి. మా వాడ జట్టు గడచిన ఆదివారం తప్తపాణి ఘాటీ దాటాక వచ్చే ఒక కొండ పట్టణంలో ఫుట్‌బాల్ కప్పు గెలిచింది. గెలిచిన తరువాత మేము చేసిన హంగామా సబబేనా కాదా అన్నదాని మీద ఇప్పుడు మా ఇళ్లలోనే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. పెద్దల అభిప్రాయం కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఈ పోటీలు మన వైపు ఎలా ఉంటాయో తెలిసినవే. కప్పుతోపాటు మొదటి బహుమతిగా బాగా మేపిన ఖాసీ (విత్తులు తీసిన మేకపోతు) ఒకటి ఇస్తారు. ఫైనల్లో మాకు ఎదురైనది ఆ పట్టణం జట్టే. వాళ్లకు గడ్డి మైదానం ఉంది, అందరి కాళ్లకూ బూట్లున్నాయి, పోయిన రెండేళ్లూ కప్పు వాళ్లదే. మేమేమో పోటు తగ్గాక గట్టిపడిన తడి ఇసుక మీద ఆడేవాళ్లం. చేపలు తోలే వ్యానులో ట్రేలు దించేసి, బ్లీచింగ్ పొడితో రెండుసార్లు కడిగి, అందులో నలభై మందిమి నిలబడి వెళ్లాం. ఎంత కడిగినా ఆ వాసన పోదు. మేము దిగగానే అక్కడి కుర్రాళ్లు తువ్వాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకుని "సుఖువా పార్టీ వచ్చింది" అని ఒడియాలో అరిచారు. ఎండు చేపల మంద అని దాని అర్థం. ఆట మొదలైనది మొదలు ముగిసేదాకా ఆ కేక ఆగలేదు.

ఆట గురించి చెప్పవలసినది తక్కువే. వాళ్లు మా గోలు ముందే కాపురం పెట్టారు. మేము సగం గీత దాటినది వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చివరి అయిదు నిమిషాలలో వాన అందుకుంది. మాకు దూరం నుంచి ఒక ఫ్రీకిక్ వచ్చింది. మా కుర్రాడు కొట్టిన బంతి అడ్డుగా వరుసలో నిలబడిన వాళ్ల ఆటగాళ్ల మీదుగా వెళ్లి, గోలు ముందు గడ్డి లేచిపోయి నీళ్లు నిలిచిన చోట పడి, ఎగరకుండా జారి, వాళ్ల గోలీ చేతుల కింద నుంచి లోపలికి పోయింది. ఒకటి సున్నా.

విజిల్ పడగానే మేము నలభై మందిమీ డప్పులతో మైదానంలోకి దూకాం. సరిగ్గా ఏ పక్కనుంచి కేకలు వచ్చాయో ఆ పక్కకే, అంటే వాళ్ల గోలుపోస్టు దగ్గరికే వెళ్లి చిందులు వేశాం. నిర్వాహకులు మైకు కట్టేశారు. తరువాత బహుమతి దగ్గర పేచీ వచ్చింది. పొద్దుటి నుంచి వేదిక పక్కన గుంజకు కట్టి, మెడలో బంతిపూల దండ వేసి చూపించినది నల్లటి పోతు. మా చేతికి తాడు ఇచ్చినప్పుడు దాని చివర ఉన్నది చుక్కల పోతు, నల్లదానిలో సగం ఉంటుందేమో. అడిగాం. మాటా మాటా పెరిగి ఒక ప్లాస్టిక్ కుర్చీ విరిగింది. గొడవ ముదరకముందే వ్యాను ఎక్కేశాం గాని, తొందరలో మా పెద్ద డప్పు అక్కడే మరిచిపోయాం.

దారిలో తప్తపాణి దగ్గర ఆగి, వేడినీటి గుండం పక్కన కాళ్లు కడుక్కుని, కప్పులో టీ పోయించుకుని తాగాం. అంత సంతోషం నాకు ఎన్నడూ లేదు. ఇంటికి రాగానే మా నాన్న మాత్రం "ఊరుగాని ఊళ్లో, వాళ్ల గోలు ముందరే ఆడతార్రా?" అని ఒక్క మాట అని మొహం తిప్పుకున్నారు. చిన్న జట్టు పరాయి మైదానంలో పెద్ద జట్టును కొట్టినప్పుడు ఆ మాత్రం సంబరం ఉండదా? మిగతా దేశాలలో, పెద్ద కప్పులలో అభిమానులు ఏం చేస్తారో తెలిసినవాళ్లు చెప్పండి.


జవాబు 1
రాసినవారు: రాత్రి మ్యాచీల మనిషి (బరంపురం)

తమ్ముడూ, ముందుగా మీ జట్టుకు అభినందనలు. మీ వ్యాను సంగతి చదవగానే నాకు ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ జట్టు గుర్తుకొచ్చింది. అది ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న చేపల రేవు. ఒకప్పుడు పెద్ద పెద్ద ఓడలు ఐస్‌లాండు దాకా వేటకు వెళ్లేవి. 1970లలో ఐస్‌లాండు తన సముద్ర హద్దును విస్తరించుకున్నాక ఆ వేట కుదేలై ఊరు చితికిపోయింది. ఎదుటి జట్ల వాళ్లు వీళ్లను ఏడిపించేది ఇప్పటికీ చేపల పేరుతోనే. మీకు సుఖువా అన్నట్టే, వాళ్లను "మీ నోట పాట వచ్చేది చేపల వేటలోనే" అని ఎగతాళి చేస్తారు. గ్రిమ్స్‌బీ వాళ్లు ఆ ఎగతాళిని లాక్కుని తమ పాటగానే చేసుకున్నారు. 1989లో ఎఫ్ఏ కప్పులో (ఇంగ్లండులో చిన్నా పెద్దా జట్లు కలిసి ఆడే, ఓడితే ఇంటికి పోయే పోటీ అది) వింబుల్డన్ జట్టు మీద ఆడటానికి వెళ్లినప్పుడు గాలి ఊదిన ప్లాస్టిక్ చేపలను వేల సంఖ్యలో చంకన పెట్టుకుని వెళ్లారు. అది హాడక్ అనే చేప. దానికి హారీ అని పేరు కూడా పెట్టారు.

ఇక మీ ప్రశ్నకు సరిపోయే మ్యాచి అదే కప్పులో 2023 మార్చి 1వ తేదీది. మనకు అప్పటికి అర్ధరాత్రి దాటింది. నేను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఇంట్లోవాళ్లు లేవకుండా దుప్పటి ముసుగులో చూశాను. గ్రిమ్స్‌బీ అప్పుడు నాలుగో అంచె జట్టు, సౌతాంప్టన్ అన్నిటికంటే పై అంచె అయిన ప్రీమియర్ లీగు జట్టు. ఆట సౌతాంప్టన్ మైదానంలో. గావన్ హోలోహాన్ మొదటి సగం చివర ఒక పెనాల్టీ, రెండో సగం మొదట్లో ఇంకొక పెనాల్టీ గోలు చేశాడు. సౌతాంప్టన్ ఒకటి తిరిగి ఇచ్చింది. 2-1తో గ్రిమ్స్‌బీ క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లింది. ఒకే ఏడాది ఆ కప్పులో తమకంటే పై అంచెలలోని అయిదు జట్లను ఓడించిన మొదటి జట్టు అదే. విజిల్ పడ్డాక ఆటగాళ్లు నేరుగా మైదానం మూలకు, అంటే తమవాళ్లు నిలబడిన చోటికి పరుగెత్తారు. అక్కడ గాలిలో ఊగుతున్నవన్నీ చేపలే. నాకు ఎందుకో మన తీరం మీద వల లాగినప్పుడు ఎగిరిపడే కవళ్లు కనిపించాయి.

గమనించవలసినది ఏమిటంటే, వాళ్లు సౌతాంప్టన్ వాళ్ల వైపు వెళ్లలేదు. ప్లాస్టిక్ చేప తమను తాము చూసి నవ్వుకోవడానికి పెట్టుకున్నది. ఆ నవ్వు ఎదుటివాడి మీదికి పోదు. మీరు మళ్లీ ఆ పట్టణానికి వెళ్లేటప్పుడు ఒక ఎండు కోనాం చేపను కర్రకు కట్టి జెండాలా పట్టుకుని వెళ్లండి. ఆ తరువాత సుఖువా అని అరవడానికి వాళ్ల దగ్గర ఏం మిగులుతుందో చూద్దాం.

(ఒక చిన్న సంగతి: గ్రిమ్స్‌బీ సొంత మైదానం నిజానికి పక్క ఊరైన క్లీతోర్ప్స్‌లో ఉంది. అందుకే మేము ప్రతి ఆటా పరాయి ఊళ్లోనే ఆడతామని వాళ్లు తమ మీద తామే వేళాకోళం ఆడుకుంటారు. ఇసుక మీద ఆడే మీకు ఇది నచ్చుతుందనుకుంటాను.)


జవాబు 2
రాసినవారు: లెక్కల మాస్టారు (పర్లాకిమిడి)

పై మిత్రులు చెప్పినది బాగుంది గాని, ఇంగ్లండుతో పోల్చేటప్పుడు అక్కడి కట్టుబాట్లు కూడా చెప్పుకోవాలి. అక్కడ అభిమానులు తమ మూలలోనే ఉండిపోవడం మంచితనం వల్ల మాత్రమే కాదు. పర్మిషన్ లేకుండా ఆట మైదానంలోకి దిగడం 1991 నాటి ఫుట్‌బాల్ నేరాల చట్టం కింద నేరం. వచ్చిన జట్టువాళ్లకు విడిగా ఒక గ్యాలరీ, విడిగా దారి, మధ్యలో సిబ్బంది ఉంటారు. లీగు ఆటలకంటే ఎఫ్ఏ కప్పులో బయటి జట్టుకు ఎక్కువ చోటు దొరుకుతుంది. మైదానంలో పట్టే జనంలో 15 శాతం దాకా టికెట్లు అడిగి తీసుకోవచ్చు. అందుకే చిన్న ఊళ్ల నుంచి వేల మంది తరలివెళ్లగలుగుతున్నారు. మన మైదానాలలో సున్నం గీత తప్ప మరో అడ్డు ఉండదు. ఆ గీతను మనమే గోడ అనుకోవాలి.

చిన్న జట్టు పరాయి చోట గెలవడం అంత అబ్బురం ఎందుకు కాదో కూడా చెబుతాను. ఫుట్‌బాల్‌లో గోల్స్ చాలా తక్కువ. లీగులో 38 ఆటలు ఆడితే బలం తేలిపోతుంది. కప్పులో ఒక్క ఆట, అందులో ఒక్క బంతి చాలు. 2024 జనవరి 27న ఆరో అంచె జట్టు మెయిడ్‌స్టోన్ యునైటెడ్ రెండో అంచెలో అప్పటికి రెండో స్థానంలో ఉన్న ఇప్స్‌విచ్ ఇంటికి వెళ్లి 2-1తో గెలిచింది. ఇప్స్‌విచ్ గోలు మీదికి 38 సార్లు కొట్టింది, మెయిడ్‌స్టోన్ 2 సార్లు కొట్టింది. ఆ రెండూ గోల్సే. ఆ ఇప్స్‌విచ్ అదే సీజను చివర ప్రీమియర్ లీగుకు ఎక్కింది, మెయిడ్‌స్టోన్ తరువాతి రౌండులో కొవెంట్రీ చేతిలో 5-0తో పోయింది. మీ ఒక్క ఫ్రీకిక్కు కూడా ఈ లెక్కలోదే గనుక, మీ జట్టు వాళ్లకంటే గొప్పదని మాత్రం అనుకోకండి. గెలిచారు, అంతే. కప్పుల అందమే అది.

ఇంకొక మాట. 2024-25 సీజను నుంచి ఎఫ్ఏ కప్పు మొదటి రౌండు మొదలుకొని, డ్రా అయిన ఆటను తిరిగి ఆడించే పద్ధతి తీసేశారు. ఇదివరకు చిన్న జట్టు పెద్ద మైదానంలో డ్రా చేసుకుంటే పెద్ద జట్టు వీళ్ల ఊరికి రావలసి వచ్చేది, గేటు డబ్బులు రెండోసారి వచ్చేవి. ఇప్పుడు అదే రోజు అదనపు సమయం, పెనాల్టీలతో తేల్చుకోవాలి. చిన్న క్లబ్బులకు ఇది అన్యాయమని నా ఉద్దేశం, కాని పరాయి మైదానంలో అక్కడికక్కడే గెలిచే అవకాశం దీనివల్ల పెరిగిందనే వాదన కూడా ఉంది.


జవాబు 3
రాసినవారు: ఘాటీ పైనుంచి

ఈ ఆట జరిగినది మా ఊళ్లోనే. నేను ఆ రోజు వేదిక పక్కనే ఉన్నాను, అందువల్ల మా వైపు మాట కూడా వినండి.

మీరు చిందులు వేసినందుకు ఎవరూ బాధపడలేదు. గెలిచినవాడు ఎగరకపోతే గెలిచినట్టే ఉండదు. కాని మీరు డప్పులతో చుట్టుముట్టిన గోలుపోస్టు కింద మా గోలీ ఇంకా కూర్చునే ఉన్నాడు. వాడికి పదిహేడేళ్లు. జారిన బంతి వాడి చేతుల కింద నుంచి పోయిన చోటే, ఆ నీటి గుంటలోనే, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. మీ వాళ్లు వాడిని చూసి ఉండరు, లేదా చూసి కూడా ఆగి ఉండరు. మీ డప్పు వాడి చెవి దగ్గర మోగుతుంటే వాళ్ల మామ వచ్చి చెయ్యి పట్టి లేపుకుని పోయాడు. మైకు కట్టేయించినది కూడా ఆయనే. ఆ సంగతి మీ ఉత్తరంలో లేదు.

సుఖువా అని అరవడం మా తప్పు. అది అరిచినవాళ్లలో మా తమ్ముడు కూడా ఉన్నాడు, వాడికి ఇంట్లో పడవలసినవి పడ్డాయి. ఆ మాట అన్నవాడే మర్నాడు సంతలో ఎండు రొయ్యలు కొంటూ మా అమ్మకు దొరికిపోయాడు, అది వేరే కథ.

ఇక ఖాసీ విషయం. నల్లపోతు నిజంగానే బహుమతి కోసం తెచ్చినదే. ఆట చివరలో వాన రావడంతో దానిని పక్కింటి పంచలోకి తోలారు. అక్కడ అది ఎవరో ఆరబెట్టిన మినప్పప్పు తిని కడుపు ఉబ్బి పడుకుంది. జబ్బుపడినదాన్ని చేతిలో పెడితే ఘాటీ దిగేలోపే పోతుందని, అప్పటికప్పుడు చుక్కలదాన్ని తెచ్చారు. ఈ సంగతి మైకులో చెప్పి ఉంటే పేచీ వచ్చేది కాదు, కాని మైకు అప్పటికే కట్టేసి ఉంది. నల్లది బతికింది. మా నిర్వాహకులు తేడా డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను గాని, అడిగి చూస్తాను. విరిగిన కుర్చీ సంగతి మేము ఎత్తము.

మీ డప్పు మా ఇంట్లో ఉంది. తడిసిన తోలు సాగిపోతే నిప్పు సెగకు కాచి, గోడకు తగిలించాను.


జవాబు 4
రాసినవారు: పాత గోలీ (గుణుపురం)

నేను ఇరవై ఏళ్లు గోలు ముందు నిలబడినవాణ్ణి గనుక పై మిత్రుడి మాటలో ఆ నీటి గుంట నాకు బాగా తెలుసు. ముందుకు ఆడేవాడు పది సార్లు తప్పినా పదకొండోసారి గోలు వేస్తే ఊరు మోస్తుంది. గోలీ పది బంతులు పట్టి పదకొండోది వదిలితే జనానికి ఆ ఒక్కటే జ్ఞాపకం. వాన పడినప్పుడు గోలు ముందు నేల మీద పడే బంతి ఎగరదు, జారి దూసుకొస్తుంది. దానికి చేతులు కాదు, చేతుల వెనుక ఛాతీనో మోకాలో అడ్డం పెట్టాలి. ఎండలోనే సాధన చేసిన కుర్రాడికి అది ఎవరు చెబుతారు? ఆ బాబును ఒకసారి మా వైపు పంపితే నేను చూపిస్తాను.

సంబరం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: నీ వాళ్ల దగ్గరికి వెళ్లి ఎంతసేపైనా ఆడు, ఓడినవాడి దగ్గరికి వెళ్తే చెయ్యి కలపడానికే వెళ్లు. ఇది చాదస్తం అనుకునేవాళ్లు 2015 జనవరి 24న చెల్సీ మైదానంలో జరిగినది తెలుసుకోవాలి. మూడో అంచె జట్టు బ్రాడ్‌ఫర్డ్ సిటీ అప్పుడు ప్రీమియర్ లీగులో మొదటి స్థానంలో ఉన్న చెల్సీ ఇంట్లో 2-0తో వెనుకబడింది. ఆ తరువాత నాలుగు గోల్స్ వేసి 4-2తో గెలిచింది. అందులో మూడు చివరి ఇరవై నిమిషాలలో వచ్చినవే. చిన్న జట్టు చేతిలో ఓడితే అది అవమానమని ఆటకు ముందు అన్నది చెల్సీ కోచ్ జోసె మొరీన్యోనే. కాని ఓడిన తరువాత ఆయన బ్రాడ్‌ఫర్డ్ వాళ్ల గదిలోకి తానే నడిచివెళ్లి ఆటగాళ్లకు చెయ్యి కలిపి వచ్చాడు. ఆ మనిషి నోటి దురుసు లోకానికంతా తెలుసు, అటువంటివాడే వెళ్లగలిగాడు. ఓడినవాడు గెలిచినవాడి గది తలుపు తట్టగలిగినప్పుడు, గెలిచినవాడికి పదడుగులు నడవడం కష్టమా?

మన తెలుగు నేల నుంచి కూడా పరాయి ఊళ్లకు పోయి కప్పులు తెచ్చిన జట్టు ఉంది. హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ తరువాత దేశానికే కోచ్ అయి 1951లోను, 1962లోను ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చారు. ఆ రోజులలో రైలు దిగి ఊరేగింపుగా ఇంటికి వెళ్లేవారని మా నాన్న చెప్పేవారు. ఊరేగింపు సొంత ఊళ్లో జరిగితే ఎవరికీ అడ్డు ఉండదు. తమ్ముడూ, మీరు గోపాలపురం వీధులలో ఊరేగారా లేదా? మీ ఉత్తరంలో అది ఎక్కడా కనిపించలేదు.


జవాబు 5
రాసినవారు: అలల ఒడ్డు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. ఘాటీ పైనున్న అన్నగారి ఉత్తరం మా వాళ్లందరికీ రచ్చ దగ్గర చదివి వినిపించాను. గోలీ అక్కడ కూర్చుని ఉన్న సంగతి నేను నిజంగా చూడలేదు. కాని మా డప్పు వాయించిన ఇద్దరూ తల దించుకున్నారు, అంటే వాళ్లు చూశారు.

పాత గోలీ గారూ, మేము ఊరేగలేదు. ఆ రాత్రి చేరేసరికి ఆలస్యమైంది, తెల్లవారుజామున పడవలు వేటకు దిగాలి, మా జట్టులో ఏడుగురు వాటి మీద వెళ్లేవాళ్లే. కప్పును ఒక పడవలో పెట్టి అలలు దాటించి తీసుకొచ్చారు, అదే మా ఊరేగింపు అనుకోండి.

వచ్చే ఆదివారం అదే వ్యానులో, ఈసారి పది మందిమి మాత్రమే, డప్పు తెచ్చుకోవడానికి వస్తున్నాం. మా గోలీ కూడా వస్తున్నాడు. తడి ఇసుక మీద జారే బంతిని ఎలా పట్టాలో వాడికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు గనుక, మీ కుర్రాడితో ఒక గంట ఆడతానన్నాడు. ఎండు కోనాం జెండా సలహా కూడా అందరికీ నచ్చింది, కాని కర్రకు కట్టిన చేప మీ ఊరు చేరేలోపే చుక్కలపోతు దాన్ని తినేస్తుందేమోనని భయం. దానిని కూడా తెస్తున్నాం. కోద్దామని రెండుసార్లు ముహూర్తం పెట్టాం గాని, మా గోలీ వాళ్ల అమ్మ దానికి జావ తాగించడం అలవాటు చేసి, ఇప్పుడు కత్తి తెచ్చినవాళ్లను గుమ్మంలోకి రానివ్వడం లేదు. నల్లదానితో మార్చుకోమని మా వాళ్లు అంటున్నారు. ఆమెను ఒప్పించే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు.